పాలలోని చక్కెర, అంగడిలోని పంచదార

సంఘాల సర్వసభ్య సమావేశాలలో ఒక ప్రశ్న తరచు వినబడుతుంది. ఫలానా తేదీన మన క్యానులో చక్కెర కలిసినట్లు పరీక్షలో తేలింది, పాలు త్రిప్పి పంపారు అని కార్యదర్శి చదవగానే వెనుక నుండి ఒకరు లేచి, "అయ్యా, పాలలో చక్కెర పుట్టుకతోనే ఉంటుందని శిక్షణ తరగతిలో మీరే చెప్పారు గదా. ఉన్న చక్కెరే వాళ్లకు కనబడిందేమో! మేము కలిపామని ఎట్లా అంటారు?" అని అడుగుతారు.

ఇది ఎగతాళి ప్రశ్న కాదు, న్యాయమైన ప్రశ్న. కల్తీ నింద పడిన సభ్యునికి ఆ పూట పాల డబ్బు పోవడంతో సరిపోదు. ఊళ్లో మాట పోతుంది. అందుచేత "లాబొరేటరీ వాళ్లు చెప్పారు, అంతే" అనే సమాధానం చాలదు. ఏ చక్కెర ఏదో పరీక్షకు ఎట్లా తెలుస్తుందో సభ్యునికి అర్థం కావాలి. అందుకు చక్కెరల కుటుంబాన్ని, అందులో ఎవరు ఏ శాఖ వారో కొంచెం తెలుసుకోవాలి. డిప్లమా చదువులో మాకు ఇది బోర్డు నిండా బొమ్మలతో భయపెట్టిన పాఠం. నిజానికి అంత భయపడవలసినది కాదు.

ముందుగా మాటల సంగతి. అంగడిలో కొనే తెల్లని పలుకులను కొన్ని జిల్లాలలో పంచదార అంటారు, కొన్ని జిల్లాలలో చక్కెర అంటారు. ఈ వ్యాసంలో మాత్రం అంగడి సరుకును పంచదార అనీ, రసాయన శాస్త్రం లెక్కలో ఆ కుటుంబం మొత్తాన్ని చక్కెరలు అనీ వ్రాస్తాను. ఈ రెంటినీ ఒకే మాటతో పిలవడం వల్లనే సగం తగవులు వస్తున్నాయి.

ఒకే లెక్క, రెండు వస్తువులు

పాలలోని చక్కెర పేరు లాక్టోజు. ఆవు పాలలోనైనా గేదె పాలలోనైనా ఇది సుమారు 5 శాతం. అనగా 10 లీటర్ల పాలలో ఇంచుమించు అర కిలో చక్కెర ఉన్నట్లే. అయినా పచ్చిపాలు పాయసంలాగా తియ్యగా ఉండవు. లాక్టోజు తీపి పంచదార తీపిలో ఐదో వంతో ఆరో వంతో ఉంటుంది గనుక మన నాలుకకు అంతగా తెలియదు.

పంచదారకు రసాయన నామం సుక్రోజు. చెరకు నుండి తీసినా, బీట్ దుంప నుండి తీసినా అదే. ఇప్పుడు విచిత్రం చూడండి. లాక్టోజు అణువులో 12 కార్బన్ పరమాణువులు, 22 హైడ్రోజన్ పరమాణువులు, 11 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. సుక్రోజు అణువులోనూ సరిగ్గా అన్నే. రెంటి అణుభారం 342. లెక్క పెడితే తేడా లేదు, తూస్తే తేడా లేదు. తేడా అంతా ఏ పరమాణువు దేనికి అతుక్కొని ఉన్నదనే దానిలో, అంటే అణువు కట్టుబడిలో ఉన్నది. ఒకే కలపతో ఒకరు మంచం చేయిస్తారు, మరొకరు తలుపు చేయిస్తారు. తూకం ఒకటే అయినంత మాత్రాన మంచాన్ని గుమ్మానికి బిగించలేము గదా.

ఈ రెండూ జంట చక్కెరలు. ఒక్కొక్కటి రెండు సరళ చక్కెరలు కలిసి ఏర్పడినది. సరళ చక్కెర అంటే ఆమ్లంతో కాచినా, ప్రేగులలో జీర్ణమైనా అంతకంటె చిన్న చక్కెరలుగా విడిపోనిది. మోనోశాకరైడు అని దీని శాస్త్ర నామం. లాక్టోజు విడిపోతే గ్లూకోజు, గాలక్టోజు వస్తాయి. సుక్రోజు విడిపోతే గ్లూకోజు, ఫ్రక్టోజు వస్తాయి. ఈ మూడు పేర్లు గుర్తుంచుకుంటే ఈ వ్యాసానికి చాలు. ఈ మూడింటికీ కూడా లెక్క ఒకటే: 6 కార్బన్లు, 12 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు, అణుభారం 180. రెండు సరళ చక్కెరలు కలిసేటప్పుడు ఒక నీటి అణువు, అనగా 18, బయటికి పోతుంది. 180కి 180 కలిపి 18 తీసివేయండి, 342 వస్తుంది.

వర్గీకరణకు మూడు ప్రశ్నలు

సరళ చక్కెరలను వర్గాలుగా విడదీయడానికి శాస్త్రజ్ఞులు అడిగే మొదటి ప్రశ్న, కార్బన్లు ఎన్ని అని. మూడు ఉంటే ట్రయోజు, నాలుగైతే టెట్రోజు, ఐదైతే పెంటోజు, ఆరైతే హెక్సోజు, ఏడైతే హెప్టోజు. ట్రయోజులు మన కంటికి కనబడే సరుకు కాదు. శరీరం గ్లూకోజును శక్తి కోసం ఖర్చు చేసేటప్పుడు మధ్యలో దానిని మూడేసి కార్బన్ల ముక్కలుగా విరుస్తుంది, అప్పుడు ఉంటాయి. పెంటోజులు మాత్రం మన పశువుల కొట్టంలోనే ఉన్నాయి. వరిగడ్డిలోను, జొన్న చొప్పలోను జైలోజు అనే పెంటోజు పొడవాటి గొలుసుల రూపంలో దండిగా ఉన్నది. తుమ్మ బంకలో అరబినోజు ఉన్నది. మనకు కావలసిన గ్లూకోజు, గాలక్టోజు, ఫ్రక్టోజు మూడూ హెక్సోజులే గనుక ఈ మొదటి ప్రశ్న వాటిని విడదీయలేదు.

రెండవ ప్రశ్న విడదీస్తుంది. చక్కెరలో కార్బన్లు ఒకదాని వెంట ఒకటి గొలుసులాగా ఉంటాయి. ఒకటి తప్ప మిగిలిన ప్రతి కార్బన్‌కు ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన ఒక కొమ్మ ఉంటుంది. దీనిని హైడ్రాక్సిల్ అంటారు. ఆ మిగిలిన ఒక్క కార్బన్‌కు మాత్రం ఆక్సిజన్ జంట బంధంతో బిగిసి ఉంటుంది. ఈ కార్బన్ గొలుసు కొసన ఉంటే ఆ భాగం ఆల్డిహైడు, అట్టి చక్కెర ఆల్డోజు. కొసన కాక లోపల, మామూలుగా రెండవ స్థానంలో, ఉంటే ఆ భాగం కీటోను, అట్టి చక్కెర కీటోజు. గ్లూకోజు, గాలక్టోజు ఆల్డోజులు. ఫ్రక్టోజు కీటోజు. రెండు ప్రశ్నల జవాబులూ కలిపి పేరు పెడతారు. గ్లూకోజు ఆల్డోహెక్సోజు, ఫ్రక్టోజు కీటోహెక్సోజు, జైలోజు ఆల్డోపెంటోజు, ఇట్లా.

ఇది చదివి మిగిలినది మరిచినా ఫరవాలేదు, ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. పాలలో పుట్టుకతో ఉన్న చక్కెరలోని రెండు భాగాలూ ఆల్డోజులే. పంచదారలో ఒక భాగం కీటోజు. పరీక్ష పట్టుకునేది ఈ కీటోజును.

మరి గ్లూకోజు, గాలక్టోజు రెండూ ఆల్డోహెక్సోజులే అయినప్పుడు వాటికి తేడా ఏమిటి? అదే మూడవ ప్రశ్న. ఆ హైడ్రాక్సిల్ కొమ్మ గొలుసుకు కుడివైపున ఉన్నదా, ఎడమవైపున ఉన్నదా? ఆల్డోహెక్సోజులో ఇట్లా రెండు విధాల అమరగల కార్బన్లు నాలుగు. ఒక్కొక్కదానికి రెండేసి అవకాశాలు గనుక మొత్తం 16 ఆల్డోహెక్సోజులు సాధ్యం. అందులో ఎనిమిది తక్కిన ఎనిమిదికి అద్దంలోని ప్రతిబింబాలు, కుడి చేతికి ఎడమ చెయ్యి లాగా. ఒక వరుసకు డి అనీ, ఇంకొక వరుసకు ఎల్ అనీ గుర్తు పెట్టారు. మనం తినే చక్కెరలన్నీ దాదాపుగా డి వరుసవే. గ్లూకోజులో ఏ కొమ్మ ఎటు ఉన్నదో జర్మనీ దేశపు ఎమిల్ ఫిషర్ 1891లో నిర్ణయించాడు. నేటి యంత్రాలేవీ లేని రోజులవి. ఒక చక్కెరను మరొకదానిగా మార్చి చూస్తూ, కేవలం తర్కం మీద తేల్చాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

గ్లూకోజుకు గాలక్టోజుకు తేడా నాలుగవ కార్బన్ వద్ద ఉన్న కొమ్మ ఒక్కటే. ఆ ఒక్క కొమ్మ అటుది ఇటు అయితే పేరు మారుతుంది, తీపి మారుతుంది, శరీరం దానిని వాడుకునే దారి మారుతుంది.

టెస్టర్ల పరీక్ష వ్రాసే వారికి ఒక మాట. మందుల అంగడిలో సీసా మీద డెక్స్‌ట్రోజు అని ఉంటే అది గ్లూకోజే. ధ్రువిత కాంతిని కుడివైపుకు త్రిప్పుతుంది గనుక ఆ పేరు. ఫ్రక్టోజు ఎడమవైపుకు త్రిప్పుతుంది, అయినా అది కూడా డి వరుసదే. డి అనే గుర్తుకు, కాంతి తిరిగే వైపుకు సంబంధం లేదు. జవాబు పత్రాలలో ఈ రెంటినీ కలగలిపి వ్రాయడం చాలాసార్లు చూశాను.

గింజ మనకు, గడ్డి పశువుకు

గొలుసు అని చెప్పాను గాని నీటిలో కరిగిన గ్లూకోజు ఎక్కువ భాగం గొలుసుగా ఉండదు. మొదటి కార్బన్ వెనుకకు వంగి ఐదవ కార్బన్ కొమ్మను పట్టుకుంటుంది, ఆరు మూలల వలయం ఏర్పడుతుంది. ఇంగ్లండు దేశపు హావర్త్ ఈ వలయాల బొమ్మలను స్థిరపరచాడు, ఆయనకు 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. వలయం మూసుకున్న చోట మొదటి కార్బన్ మీద కొత్త కొమ్మ ఒకటి ఏర్పడుతుంది. హావర్త్ బొమ్మలో అది క్రిందికి ఉంటే ఆల్ఫా గ్లూకోజు, పైకి ఉంటే బీటా గ్లూకోజు.

ఇది పండితుల తగవులాగా కనబడవచ్చు. కాని వడ్లగింజలోని పిండి ఆల్ఫా గ్లూకోజుల గొలుసు, వరిగడ్డిలోని సెల్యులోజు బీటా గ్లూకోజుల గొలుసు. రెండింటా ఉన్నది గ్లూకోజే. గొలుసు కట్టిన తీరు వేరు. ఆల్ఫా బంధాన్ని విప్పే ఎంజైము మన లాలాజలంలోనే ఉన్నది. అందుకే అన్నాన్ని ఎక్కువసేపు నమిలితే కొంచెం తియ్యబడుతుంది. సెల్యులోజులోని బీటా బంధాన్ని విప్పే ఎంజైము మనకు లేదు. ఆ మాటకు వస్తే గేదెకు కూడా స్వతహాగా లేదు. దాని పెద్ద పొట్టలో కాపురముండే సూక్ష్మజీవులకు ఉన్నది. కొమ్మ పైకా క్రిందికా అనే తేడా వల్లనే, మనిషికి పనికిరాని గడ్డి మనిషి త్రాగే పాలవుతున్నది.

తలకు తల, తలకు నడుము

ఇక జంట చక్కెరల దగ్గరికి వద్దాము. జంట బంధం ఉన్న కార్బన్‌ను ఆ చక్కెరకు తల అనుకోండి. తల విడిగా ఉంటే వలయం అప్పుడప్పుడు విప్పుకొని ఇతర పదార్థాలతో చర్య జరుపుతుంది. నీలి రంగుగల ఫెహ్లింగ్ ద్రావణంతో కలిపి కాస్తే అందులోని రాగిని ఇటుక రంగు మడ్డిగా దింపుతుంది. ఇట్టి వాటిని క్షయకరణ చక్కెరలు అంటారు.

లాక్టోజులో గాలక్టోజు తల గ్లూకోజు నాలుగవ కార్బన్‌కు, అంటే నడుముకు, కట్టబడి ఉన్నది. కనుక గ్లూకోజు తల విడిగానే ఉన్నది. సుక్రోజులో అట్లా కాదు, గ్లూకోజు తల ఫ్రక్టోజు తలకే కట్టబడి ఉన్నది. రెండు ఎద్దులను తలకు తల బిగించి కడితే ఏదీ మేయలేదు. ఒకదాని తలను రెండవదాని నడుముకు కడితే రెండవది హాయిగా మేస్తుంది. అందుచేత లాక్టోజు ఫెహ్లింగ్ ద్రావణాన్ని మారుస్తుంది, పంచదార మార్చదు.

ఇందులో మనకు ఉపయోగించే విషయం ఉన్నది. పాలకు ఫెహ్లింగ్ పరీక్ష చేసి "చక్కెర ఉన్నది" అంటే, ఆ సభ్యుడు అన్నట్లు ఉన్న చక్కెరే కనబడుతుంది. ఆ పరీక్ష కల్తీకి పనికిరాదు. పంచదారను పట్టడానికి తలలు ఎట్లా కట్టబడ్డాయో కాక, లోపల కీటోజు ఉన్నదా లేదా అని అడిగే పరీక్ష కావాలి. అదే రిసార్సినాల్ పరీక్ష.

పరీక్ష నాళికలో 15 మిల్లీలీటర్ల పాలు తీసుకొని 1 మిల్లీలీటరు గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలపాలి. అందులో 0.1 గ్రాము రిసార్సినాల్ పొడి వేసి కలియబెట్టి, నాళికను మరుగుతున్న నీటిలో 5 నిమిషాలు ఉంచాలి. ఎరుపు రంగు వస్తే పంచదార కలిసినట్లు. లోపల జరిగేది ఇది: ఆమ్లము, వేడి కలిసి సుక్రోజు కట్టును విప్పుతాయి. ఫ్రక్టోజు బయటపడుతుంది. కీటోజు గనుక అది వెంటనే నీటిని పోగొట్టుకొని మరొక పదార్థంగా మారుతుంది. ఆ పదార్థం రిసార్సినాల్‌తో కలిసి ఎర్రబడుతుంది. బెల్లం కలిపినా, తేనె కలిపినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే వాటిలోనూ ఫ్రక్టోజు విడిగానో జంటగానో ఉన్నది. లాక్టోజు విడిపోయినా వచ్చేవి రెండూ ఆల్డోజులే. ఆల్డోజులు ఈ మార్పుకు చాలా నెమ్మదిగా లోనవుతాయి.

నెమ్మదిగా అన్నాను గాని, లోనుకావు అనలేదు. ఇక్కడే మన సంఘాలు, కేంద్రాలు జాగ్రత్త పడవలసి ఉన్నది. 5 నిమిషాలు అని వ్రాసిన చోట నాళికను మరుగునీటిలో వదలి వేరే పనికి పోయి పావు గంటకో అరగంటకో వచ్చి చూస్తే, ఏమీ కలపని పాలు కూడా ఎరుపు తిరగవచ్చు. ఆ రంగు లాక్టోజుది. దానిని చూపి సభ్యుని దోషిగా నిలబెడితే అది పరీక్ష కాదు, అన్యాయం. కనుక ప్రతిసారీ ప్రక్కనే ఇంకొక నాళికలో, మన ఎదుట పిండిన నిక్కమైన పాలు పోసి, రెండింటినీ ఒకేసారి నీటిలో దించి, ఒకేసారి తీయాలి. ఒకటి ఎర్రబడి రెండవది తెల్లగానే ఉంటే అప్పుడు మాట్లాడవచ్చు. గడియారం చూడకుండా, తోడు నాళిక పెట్టకుండా చేసిన పరీక్ష ఆధారంగా ఎవరి పాలనూ త్రిప్పి పంపరాదని నా అభిప్రాయం. సభ్యులు కూడా "నన్నెందుకు అనుమానించారు" అని కోప్పడేకంటె "తోడు నాళిక చూపండి" అని అడగడం మేలు.

పంచదార పట్టుబడుతున్నదని తెలిసి కొందరు గ్లూకోజు పొడికి మారారు. గ్లూకోజులో కీటోజు లేదు గనుక రిసార్సినాల్ మౌనంగా ఉంటుంది. ఫెహ్లింగ్ ఎటూ పనికిరాదని చెప్పుకున్నాము. దీనికి బార్‌ఫోయెడ్ పరీక్ష ఉన్నది. ఇందులోనూ రాగి లవణమే, కాని ద్రావణం కొంచెం ఆమ్లంగా ఉంటుంది. ఆ స్థితిలో సరళ చక్కెర త్వరగా రాగిని మారుస్తుంది, జంట చక్కెర ఆలస్యంగా మారుస్తుంది. 1 మిల్లీలీటరు పాలకు 1 మిల్లీలీటరు సవరించిన బార్‌ఫోయెడ్ ద్రావణం కలిపి మరుగునీటిలో సరిగ్గా 3 నిమిషాలు ఉంచి, వెంటనే కుళాయి క్రింద చల్లార్చి, 1 మిల్లీలీటరు ఫాస్ఫోమాలిబ్డిక్ ఆమ్లం వేస్తే, గ్లూకోజు ఉన్న పాలు ముదురు నీలమవుతాయి. మంచి పాలు లేత నీలంగానే ఉంటాయి. ఇక్కడా ఆధారం అణువు కట్టుబడే, తీర్పు చెప్పేది గడియారమే. ఈ పరీక్ష తాజా పాల మీదనే చేయాలి. పులుపెక్కే పాలలో సూక్ష్మజీవులు లాక్టోజును విడగొట్టి సరళ చక్కెరలను బయట పెడుతుంటాయి. ఇప్పుడు బజారులో దొరికే లాక్టోజు లేని పాలు కూడా ఎంజైముతో విడగొట్టినవే. అవి మామూలు పాలకంటె తియ్యగా ఉండడానికి అదే కారణం.

ఎందుకు కలుపుతారు

నీళ్లు కలిపిన పాలు పలుచబడి లాక్టోమీటరు క్రిందికి దిగుతుంది. పంచదార కరిగితే మళ్లీ పైకి తేలుతుంది. లాక్టోమీటరు 4 డిగ్రీలు పెరిగితే వెన్న కాని ఘనపదార్థాలు, అంటే ఎస్.ఎన్.ఎఫ్., 1 శాతం పెరిగినట్లు లెక్క కడతాము గదా. ఆ లెక్కను మోసం చేయడానికే ఈ తంటా. లాక్టోమీటరుకు తెలిసేది సాంద్రత ఒక్కటే, ఆ సాంద్రత కేసీన్ వల్ల వచ్చిందా పంచదార వల్ల వచ్చిందా అన్నది దానికి పట్టదు. నేడు చాలా సంఘాలలో ఉన్న అల్ట్రాసోనిక్ మిల్క్ అనలైజర్లు కూడా ఈ విషయంలో పెద్దగా మెరుగు కాదు. కనుక యంత్రం మంచి అంకె చూపినంత మాత్రాన పాలు మంచివని సంతకం పెట్టరాదు. నష్టం మాత్రం అందరిదీ. ఒక బిందెడు కల్తీ పాలు బల్క్ కూలర్‌లో పడితే నలభై ఇళ్ల మంచి పాలు వాటితో కలిసి త్రిప్పబడతాయి. 2006 ఆహార భద్రత చట్టం క్రింద బాధ్యత కూడా సంఘం మీదికి వస్తుంది.

బెల్లం పెడితే పాలు తియ్యబడవు

గేదెకు బెల్లం పెడితే పాలు తియ్యనవుతాయని ఇప్పటికీ కొందరు నమ్ముతారు. బెల్లంలోని సుక్రోజు పెద్ద పొట్టలోనే సూక్ష్మజీవుల పాలవుతుంది. అవి దానిని అసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలుగా మారుస్తాయి. వీటిలో ప్రొపియోనిక్ ఆమ్లం రక్తంలో కాలేయానికి చేరి గ్లూకోజుగా తయారవుతుంది. ఆ గ్లూకోజు పొదుగుకు చేరుతుంది. అక్కడ కొంత గ్లూకోజుకు నాలుగవ కార్బన్ కొమ్మ త్రిప్పబడి గాలక్టోజు అవుతుంది, అది మరొక గ్లూకోజుతో కలిసి లాక్టోజు అవుతుంది. శరీరంలో ఈ కొమ్మ త్రిప్పే పని ఎట్లా జరుగుతుందో కనిపెట్టినది అర్జెంటీనా శాస్త్రజ్ఞుడు లూయిస్ లెలుయార్. 1970లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. చెరకు ఆకు మేసినా, తవుడు మేసినా, ఎండుగడ్డి మేసినా పొదుగులో తయారయ్యేది లాక్టోజే. పాలలోకి నీటిని గుంజేది కూడా ముఖ్యంగా ఈ లాక్టోజే. కనుక మేత తగ్గితే లాక్టోజు శాతం అంతగా తగ్గదు, పాల కొలతే తగ్గుతుంది. పెళ్లి భోజనాలలో మిగిలిన అన్నం, బెల్లం పాకం ఒక్కసారిగా పెడితే మాత్రం పొట్టలో లాక్టిక్ ఆమ్లం పేరుకొని పశువు ప్రాణం మీదికి వస్తుంది.

ఇంతకంటె ముఖ్యమైనది దూడ సంగతి. దూడ పారుతుంటే, ఇంట్లో పిల్లవానికి ఇచ్చినట్లే పంచదార, ఉప్పు కలిపిన నీళ్లు త్రాపుతారు. పిల్లవాని ప్రేగులలో సుక్రోజును విడగొట్టే ఎంజైము ఉన్నది గనుక వానికి అది మందు. పాలు త్రాగే దూడకు లాక్టోజును విడగొట్టే ఎంజైము ఉన్నది, సుక్రోజును విడగొట్టేది దాదాపు లేదు. జీర్ణం కాని పంచదార ప్రేగులలోకి నీటిని గుంజి, సూక్ష్మజీవులకు మేతయి పారుడును ఎక్కువ చేస్తుంది. దూడకు గ్లూకోజు, లవణాలు కలిపిన ద్రావణమే ఇవ్వాలి. గ్లూకోజు విడిపోనవసరం లేదు, ఉన్నది ఉన్నట్లే రక్తంలోకి పోతుంది. రెండూ తియ్యనివే, రెండూ తెల్లనివే అని ఒకదాని బదులు మరొకటి వాడరాదు. ఈనిన కొత్తలో ఎక్కువ పాలిచ్చే ఆవు మేత మాని, నోటి నుండి ఒక విధమైన పండు వాసన వేస్తూ పాలు తగ్గించినప్పుడు వైద్యుడు నరానికి డెక్స్‌ట్రోజు ఎక్కించేది కూడా, దానికి రక్తంలో కొరవడినది ఆ ఒక్క సరళ చక్కెరే కాబట్టి.

చివరగా ఎస్.ఎన్.ఎఫ్. తక్కువ వస్తున్నదని బాధపడే సభ్యులకు. నీళ్లు కలపకుండానే తగ్గడానికి ఒక ముఖ్య కారణం పొదుగువాపు. పొదుగులోని కణాలు దెబ్బతిన్నప్పుడు లాక్టోజు తయారీ తగ్గుతుంది, దానికి బదులు రక్తంలోని ఉప్పు పాలలోకి దిగుతుంది. పాలు కొంచెం ఉప్పగా ఉంటాయి. వట్టిపోయే దశలో ఉన్న గేదెకు కూడా కొంతవరకు ఇట్లాగే జరుగుతుంది. కాబట్టి రీడింగు వరుసగా రెండు మూడు పూటలు తగ్గితే నాలుగు చన్నుల నుండి మొదటి ధారలు విడివిడిగా నల్లని గుడ్డ మీద పిండి, విరుగుళ్లు గాని నీటి వంటి పాలు గాని ఉన్నాయేమో చూడండి. పైకి ఏమీ కనబడకపోయినా ఒక్కొక్క చన్ను పాలను వేరు వేరు గిన్నెలలో సంఘానికి తెచ్చి పరీక్ష చేయించి, పశువైద్యునికి చూపండి. ఆ పశువుకు మందు పూర్తయి, వైద్యుడు చెప్పిన గడువు దాటేవరకు దాని పాలు సంఘానికి పోయవద్దు.